పొగ ఇంట్లో మూడో ప్రయత్నం

ఈసారి తప్పితే ఇక ఇంటికే. ఫైర్ స్టేషన్ వెనక శిక్షణ కోసం కట్టిన పొగ ఇల్లుంది. మంటల్లో కళ్లు ఎలాగూ కనిపించవని గంతలు కట్టి లోపలికి పంపుతారు. మెట్ల కింద సామాన్ల గదిలో పడేసిన గుడ్డబొమ్మను మోసుకురావాలి. అందరూ పిచ్చుక అని పిలిచే కొత్త అమ్మాయి రెండుసార్లు వెళ్లి రెండుసార్లూ ఉత్త చేతులతో వచ్చింది.

ఏ తలుపులోంచి తోస్తారో ముందు చెప్పరు. అందుకని ఉదయం ఇల్లంతా చూసి, మూడు తలుపులకూ మూడు దారులు జపంలా బట్టీపట్టింది. ఎడమ, కుడి, మళ్లీ కుడి... రెండుసార్లూ లోపలికెళ్లగానే మూడూ కలగాపులగం.

భోజనాలయ్యాక కాసేపు పడుకోవాలన్నది శిక్షకుడి నియమం. ఆయన్ని అందరూ తాతా అంటారు.

"అమ్మాయ్, పెదాలు కదులుతున్నాయి," అన్నాడు తాత.

"నిద్రపోతే మర్చిపోతాను తాతా!"

"పొద్దున చూసిందంతా బుర్రలో కుప్పగా పడుంది. నువ్వు పడుకుంటేనే అది సర్దుకునేది. ఇల్లు సర్దుతుంటే మధ్యలో నిలబడి అరుస్తావేం?"

తనతోపాటే శిక్షణలో ఉన్న బండోడు పక్క మంచం మీద దుప్పటి కప్పుకున్నాడు. "నాకు దారి రాకపోయినా నిద్ర బాగా వచ్చు తాతా."

తాత ఆమె చేతిలోని కాఫీ కప్పు లాక్కున్నాడు. పిచ్చుక అలిగి గోడవైపు తిరిగింది. అంతే, ఒళ్లు తెలియలేదు.

గంట మోగింది.  ఎడమ... తర్వాత?

"కొంప ముంచారు తాతా! ఒక్క ముక్కా గుర్తులేదు."

"మంచిదే," అంటూ గంతలు బిగించాడు.

తలుపు కిర్రుమంది. ఏ తలుపు? చెయ్యి చాపింది. చల్లటి రేకు అంచు తగిలింది. సింకు! అంటే వంటగది. గోడకవతల మెట్లు, మెట్ల కింద సామాన్ల గది. పైకప్పు ఎత్తి చూపించినట్టు ఇల్లంతా కళ్లముందు నిలబడింది.

నాలుగడుగులు వేసేసరికి దారికడ్డంగా బీరువా. పొద్దున లేదు. తాత పనే! పిచ్చుక నవ్వుకుని వెనక్కి తిరిగింది. పడకగదిలోంచి కూడా మెట్ల దగ్గరికి పోవచ్చు. ఆ దారిన ఎప్పుడూ నడవలేదు. అయినా తెలుసు.

సామాన్ల గదిలో మెత్తటి కాలు చేతికి దొరికింది.

బొమ్మను భుజాన వేసుకుని బయటికి రాగానే తాత గంతలు విప్పాడు. "సోమవారం నుంచి ఫైరింజనెక్కు," అన్నాడు. ఆమె నోరు చెవులదాకా సాగింది.

"తర్వాత ఎవడు? బండోడా!"

 విశ్రాంతి గదిలోంచి గురక వినిపించింది.

"లేపుకురా వాణ్ణి."

"కాసేపు ఉండనివ్వండి తాతా," అంది పిచ్చుక. "ఇల్లు సర్దుకుంటున్నాడు."