దేవుడి అలమరలో ఎర్రమూత డబ్బా

నేను ఒక ప్లాస్టిక్ డబ్బాని. తెల్లటి ఒళ్ళు, బిగుతైన ఎర్రమూత. నన్ను అచ్చుపోసింది ఒకే ఒక్క పని కోసం: ఒక మగవాడి వీర్యం నమూనాని కాసేపు మోసి పరీక్షకు అప్పగించడం. ఆ చిన్న పనిని తప్పించుకోవడానికి రాజబాబు ఒక కాపురాన్నే కూల్చబోయాడు.

రాజబాబుకు తునిలో టైల్స్ షాపు. పెళ్ళై నాలుగేళ్ళయినా పిల్లల్లేరు. భార్య హిమజకి పీసీఓఎస్ అని స్కానింగులో తేలింది. అండం నెలనెలా విడుదల కావడం లేదని, మందులతో దారిలో పడుతుందని డాక్టరమ్మ చెప్పింది. హిమజ రక్తపరీక్షకు వెళ్ళగానే, మీరూ పరీక్ష చేయించుకోవాలంటూ నన్ను రాజబాబు చేతిలో పెట్టింది.

అతను నన్ను నాటుబాంబులా పట్టుకున్నాడు. దారిలో పారేద్దామంటే ఊళ్ళో సగం మంది అతని ఖాతాదారులు. ఇంటి చెత్తబుట్ట తల్లి నిఘాలో ఉంటుంది. చివరికి వంటింటి అటక మీద, పాత మిక్సీ వెనక దాచాడు. లోపమంతా హిమజదేనని తల్లికి చెప్పేసి హాయిగా భోంచేశాడు.

నేరస్తులందరిదీ ఒకటే పొరపాటు. పండగకి అటక దులుపుతారన్న సంగతి మరిచిపోతారు.

తల్లి వరహాలమ్మ నన్ను పట్టుకుంది. గాలి చొరని డబ్బా దొరికిందని మురిసిపోయి, కోడలి గర్భం కోసం ఎవరో నాటువైద్యుడి దగ్గర కొన్న చేదు పొడిని నాలో పోసింది. మూతకి కుంకుమ పెట్టి దేవుడి అలమరలో కూర్చోబెట్టింది. రోజూ నాకు హారతి, హిమజకి చెంచాడు పొడి. ఆ పొడితో పాటు పీసీఓఎస్ వల్ల పెరిగిన కోడలి ఒంటి గురించి ఒక మాట, గడ్డం మీది వెంట్రుకల గురించి ఇంకో మాట ఉచితం. ఇదంతా వింటూ రాజబాబు నన్ను చూసేవాడు. నాకు దణ్ణం కూడా పెట్టేవాడు, పాపం.

హిమజ మాత్రం మాత్రలు మానలేదు, నడక మానలేదు. నెలసరి దారికొచ్చింది. అండం విడుదలవుతోందని స్కానింగులోనూ కనిపించింది. అయినా కడుపు పండలేదు. వచ్చే ఆదివారం రాజబాబు మేనమామ వస్తాడని, కోడల్ని పుట్టింటికి పంపేసి కొడుక్కి వేరే సంబంధం చూస్తామని వరహాలమ్మ ప్రకటించింది. రాజబాబు పెరుగన్నం కలుపుకుంటూ ఉండిపోయాడు.

ఈ పొడివల్లే ఏమైనా చెడుతోందేమోనని హిమజ నన్ను సంచీలో వేసుకుని డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్ళింది. డాక్టరమ్మ పొడివైపు చూడనే లేదు.

"ఈ డబ్బా మీకెక్కడిది?"

"మా అత్తయ్యదండి. దేవుడి దగ్గరుంటుంది."

డాక్టరమ్మ సొరుగు తెరిచి అచ్చం నాలాంటి తమ్ముణ్ణి తీసి బల్ల మీద పెట్టింది. మొదటిసారి వచ్చినప్పుడే మీవారికి ఇలాంటిది ఇచ్చాను, ఆయనింకా తిరిగిరాలేదు, అంది. హిమజ ముందు నవ్వింది. తర్వాత నవ్వలేదు.

ఆదివారం మేనమామ గొంతు సవరించుకునే లోపు హిమజ నన్నూ, డాక్టరమ్మ ఇచ్చి పంపిన తమ్ముణ్ణీ టీపాయ్ మీద పెట్టింది.

"అత్తయ్యా, ఇది మీ అబ్బాయి పరీక్షకిచ్చిన డబ్బా. ఆయన నమూనా ఇందులో పట్టివ్వాలి."

"ఏం నమూనా?"

వరహాలమ్మ కళ్ళు నా మూత మీది కుంకుమ దగ్గర ఆగిపోయాయి.

"ఒరే రాజా, దేవుడి దగ్గర పెట్టేన్రా దీన్ని..."

మేనమామకి హఠాత్తుగా బస్సు గుర్తొచ్చింది. హిమజ మొగుడి వైపు తిరిగింది.

"రేపు కొత్త డబ్బా పట్టుకుని మీరు ఆసుపత్రికి వస్తారా, నన్ను మావాళ్ళింటికి పొమ్మంటారా? అక్కడ కారణమడిగితే మాత్రం నేను దాచనండి."

అతను వెళ్ళాడు. వీర్యకణాలు తక్కువున్నాయని తేలింది, దానికీ మందులున్నాయంది డాక్టరమ్మ. పని మా తమ్ముడు చేశాడు, పూజలు మాత్రం నేను అందుకున్నాను.

ఇప్పుడు నేను భోజనాల బల్ల మీదుంటున్నాను. నన్ను పారేయడానికి హిమజ ఒప్పుకోలేదు. నా లోపల రెండు రకాల మాత్రలు. ఒక రకం ఆమెవి. రెండో రకం ఎవరివని పక్కింటివాళ్ళు అడిగితే, అవి బలానికని వరహాలమ్మ గొంతు తగ్గించి చెబుతుంది. రోజూ నా మూత తిప్పి కొడుకు అరచేతిలో మాత్ర వేసేది కూడా ఆవిడే.