కొలతలకు వెళ్లిన రోజు

ఆ వీధిలో అందరూ ఆమెను మిషనక్క అనే పిలిచేవారు. ఎంత గడుగ్గాయినైనా రెండు కబుర్లు చెప్పి, కదలకుండా నిలబెట్టి కొలతలు తీయడంలో ఆమెది అందె వేసిన చెయ్యి. అందుకే చివరి వీధిలో పిల్లల్ని ఉంచి చదివించే ప్రార్థన బడి నుంచి, ముప్పై ఎనిమిది మంది పిల్లలకు బట్టలు కుట్టాలని కబురు రాగానే ఎగిరి గంతేసినంత పని చేసింది.

"ఆ బడికా? పాత దర్జీ ఒక్కసారి వెళ్లొచ్చి మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు," అన్నాడు భర్త.

"ఆయనకి ఒళ్లు బద్ధకం. పిల్లలేగా, నన్నేమైనా మింగేస్తారా?" అని టేపు మెడలో వేసుకుని బయలుదేరింది.

మిట్టమధ్యాహ్నం. గేటు దాటగానే ఏదో తేడాగా అనిపించింది. అదేమిటో వరండా ఎక్కాక గానీ తెలియలేదు. బడి అన్నాక ఒక అరుపో, ఏడుపో, తగువో ఉండాలి. ఇక్కడ చీమ చిటుక్కుమన్నా వినిపించేలా ఉంది. హాల్లో పిల్లలు నాలుగు వరసల్లో నిలబడి ఉన్నారు. ఆరేళ్లవాడి నుంచి పన్నెండేళ్లవాడి దాకా అందరి చూపూ ఖాళీ గోడ మీదే.

బడి నడిపే బోధకుణ్ణి పెద్దాయన అంటారు. మెత్తటి మాట, మరింత మెత్తటి నవ్వు. "జేబులు పెట్టకమ్మా. జేబుంటే ఆశ పుడుతుంది," అన్నాడు.

మిషనక్క మొదటి పిల్లాడి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "ఏరా బుజ్జీ, ఎవరి మీద అలిగావు? నా మీదైతే కాదుగా?"

వాడు రెప్ప కూడా వేయలేదు. ఛాతీ చుట్టూ టేపు తిప్పితే కొలత మరీ తక్కువ వచ్చింది. మడత పడిందేమో అనుకుని మళ్లీ తిప్పింది. మడత లేదు. ఒంట్లో ఉన్నదే అంత.

"ఏదీ, చెయ్యి చాపు నాన్నా," అంది అలవాటుగా, చొక్కా చేతుల కొలత కోసం.

ముప్పై ఎనిమిది మందీ ఒక్కసారే చేతులు చాపారు, అరచేతులు పైకి పెట్టి. తలలన్నీ ఒకే పక్కకు వాలాయి.

"దిక్కులేనివాళ్లం తల్లీ, దేవుడి పేరు మీద ధర్మం చెయ్యి తల్లీ..."

ఒకటే గొంతు. ఒకటే సాగదీత. కళ్లు మాత్రం గోడ మీదే.

పెద్దాయన చప్పట్లు కొట్టాడు. గొంతులు టక్కున ఆగిపోయాయి. "అహంకారం పోవాలిగా. రోజూ పొరుగూళ్ల వీధుల్లోకి అడుక్కోవడానికి పంపిస్తుంటాం," అన్నాడు, నవ్వు చెదరకుండా.

అప్పుడు వినిపించింది. అదే మాట, కాస్త ఆలస్యంగా, పీలగా, చెక్క అడ్డు వెనక నుంచి. "...ధర్మం చెయ్యి తల్లీ."

"అక్కడ ఇంకో బాబున్నాడా?"

"వాడికి బట్టలు అక్కర్లేదులేమ్మా."

ఆ మాట అర్థమయ్యేసరికి ఆమె చెక్క అడ్డు వెనక్కి వెళ్లిపోయింది. చీకటి గది. గోనె సంచి మీద ఏడేళ్లవాడు. కాలు వాచి నల్లబడింది. ఒళ్లు పెనంలా కాలిపోతోంది. కళ్లు మూసుకునే ఉన్నాడు, పెదవులు మాత్రం ఆడుతున్నాయి. ఆమె వాణ్ణి ఎత్తుకుంది. ఎత్తుకున్నట్టే లేదు.

గుమ్మానికి అడ్డంగా పెద్దాయన నిలబడ్డాడు. "దించమ్మా. వాళ్లమ్మ వీణ్ణి మాకు అప్పగించింది."

"ఆమె వస్తే నేనే జవాబు చెప్పుకుంటాను. తప్పుకోండి."

ఆయన కదల్లేదు. మిషనక్క కిటికీ వైపు తిరిగి, గుండెలవిసేలా అరిచింది. "వదినా! అక్కా! రండర్రా, పిల్లాడు చచ్చిపోతున్నాడు!"

వీధి ఆడవాళ్లంతా పరుగున వచ్చి గేటు దగ్గర గుమిగూడారు. పెద్దాయన పక్కకు జరిగాడు. ఆ నవ్వు మాత్రం అలాగే ఉంది. పిల్లల్లో ఒక్కడూ తల తిప్పలేదు.

ఇంకొక్క రోజు ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నాడు ఆసుపత్రి డాక్టరు. నర్సు ఫోను చేయడంతో పిల్లల రక్షణ అధికారులు సాయంత్రానికల్లా పోలీసులతో వెళ్లి బడి తలుపులు మూయించారు. పెద్దాయన మీద కేసు పెట్టి, పిల్లల్ని వసతి గృహానికి చేర్చారు. ఏడుగురికి తమ ఊరి పేరు కూడా గుర్తులేదు.

నాలుగో రోజున పిల్లాడి తల్లి ఆసుపత్రికి వచ్చింది, కాళ్లకు దుమ్ముతో.

"చదువు బాగా వస్తోందని నెలనెలా కబురు పెట్టేవారక్కా. ఏం నేర్చుకున్నాడో నీకేమైనా చెప్పాడా?"

మిషనక్క పిల్లాడి దుప్పటి సరిచేసింది. "ముందు వాడి పక్కన కూర్చో తల్లీ," అంది.

ఆమె కూర్చుంది. కొడుకు కాలి కట్టు వైపు చూస్తూ, తనలో తాను అనుకుంటున్నట్టు అంది:

"చిన్నవాణ్ణి కూడా వచ్చే వారం పంపుదామని మూట కట్టి పెట్టానక్కా."