నున్నటి తోక బల్లి

మా ఆయన మ్యూజియంలో నిన్నమొన్నటిదాకా పేడపురుగుల్ని చూసేవారు. ఈమధ్యే బల్లుల విభాగానికి మార్చారు. అప్పట్నుంచి నా వంటింటికి శని పట్టింది. పొయ్యి మీద కూర మాడుతున్నా సరే, ఆయన స్టూలెక్కి భూతద్దం పట్టుకుని గోడకి అతుక్కుపోయి ఉంటారు.

ఈరోజు పొద్దున్నే ఒక్క కేక పెట్టారు. "ఏమోయ్, ఇలా రా! ఇవి రెండూ ఒకే రకం అనుకున్నాం కదా? ట్యూబులైటు దగ్గరున్నదాని తోక చూడు, వరసగా ముళ్లున్నాయి. కిటికీ పక్కదాని తోక నున్నగా ఉంది. ఇది వేరే జాతి!"

నేను గరిటె కింద పెట్టేలోపే పెద్దాఫీసరుకి ఫోన్ కలిపేశారు. "సార్, మా వంటింట్లో కొత్త జాతి దొరికింది!"

నాకు ఒళ్లు మండింది. "కొత్తా లేదు, గిత్తా లేదు. ఆమధ్య మీరు పురుగుల సీసా తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టినప్పుడు, నేను ఆ కిటికీ రెక్క ధడాలున వేశాను, గుర్తుందా? అప్పుడు దీని తోక తెగిపడి గట్టు మీద గిలగిలా కొట్టుకుంది. మళ్లీ మొలిచిన తోకకి ముళ్లు రాలేదు, అంతే."

ఆయన మొహం వాడిపోయింది. రెండిటి వేళ్లూ, గడ్డం కింది పొలుసులూ మార్చి మార్చి చూశారు. వెంట్రుకవాసి తేడా కూడా లేదు. ఫోన్‌లో పెద్దాఫీసరు "హలో, హలో" అంటూనే ఉన్నారు.

"కొత్త జాతి కాదు సార్," అన్నారు మా ఆయన నీరసంగా. "మా ఆవిడ కోపం."