చేతిలో పసుపు బంతి ఉంటేనే మాట

నేను ఒక బేస్‌బాల్ బంతిని. ఒంటి రంగు చూసి నిమ్మకాయ అనుకున్నవాళ్లున్నారు. ఒకావిడ దిష్టి తీయడానికి కూడా పట్టుకుపోయింది, కోయబోతే కత్తి దిగలేదు. పుట్టినప్పుడు మాత్రం పాలకన్నా తెల్లగా ఉన్నాను. నమ్మకపోతే జలంధర్ వెళ్లి అడగండి. అక్కడ ఒక ఇరుకు సందులో, రబ్బరు గుండె చుట్టూ ఊలుదారం చుట్టి, పైన తోలు తొడిగి, ఎర్రదారంతో నన్ను కుట్టినామె ఉంది. ఆమె కుడుతున్నంతసేపూ పక్కింటామెతో ఊళ్లోవాళ్ల ముచ్చట్లన్నీ చెప్పేది. అవన్నీ కుట్ల సందుల్లోంచి నా లోపలికి పోయాయి. బడి మొహం చూడని బంతికి ఇన్ని మాటలెలా వచ్చాయని ఎవరైనా అడిగితే నేను చెప్పే జవాబు అదే.

రైలెక్కి నిజామాబాద్ దిక్కుకు వచ్చాను. పసుపు పండే ఊళ్లు అవి. లింబాద్రి సార్ అని ఒక డ్రిల్లు మాస్టారు అక్కడి ఆడపిల్లలకు ఈ ఆట నేర్పాడు. మొదట్లో జనం దీన్ని చిర్రగోనెకు, అదే బిళ్లంగోడుకు, మేనమామ అనుకున్నారు. ఆయన రిటైరయ్యేసరికి చుట్టుపక్కల ప్రతి ఊరికీ ఒక జట్టు తయారైంది, ఏటా పోటీలు జరుగుతున్నాయి.

నా రంగు కథ చెప్పాలి. ఒకసారి పోటీలో ఒక పిల్ల నన్ను కొట్టిన దెబ్బకు ఎంత పైకి పోయానంటే, గద్దలు పక్కకు జరిగి దారిచ్చాయి. ఒక మబ్బులో కాసేపు కూర్చుని అలుపు తీర్చుకుని దిగాను. దిగడం దిగడం మైదానం పక్క చేలో పసుపు ఉడుకుతున్న కడాయిలో దిగాను. గరిటెతో తీసేసరికి ఇదిగో, ఈ రంగు. తెల్లగా లేని బంతి ఆటకు పనికిరాదని అంపైరు నన్ను బయటికి గెంటాడు. లింబాద్రి సార్ మాత్రం నన్ను తుడిచి, ఎత్తి చూపించి, బంగారు బంతి అన్నాడు. ఆ ఏడాది నుంచీ నేనే బహుమతిని. కొత్తగా ఆటలోకి వచ్చినవాళ్లలో ఎవరు మేటి అని తేలుతుందో వాళ్లింట్లో ఏడాదిపాటు ఉంటాను.

ఆ తేల్చడంలోనే ఉంది తమాషా. మొదటిసారి పెద్దలందరూ కలిసి ఒకేసారి అరిచారు. చివరికి నన్ను ఎవరికిచ్చారో వాళ్లకే తెలియలేదు. మైకుసెట్టు అతను సామానుతో పాటు సర్దుకుపోతే వెతికి తెచ్చుకున్నారు. అందుకని సార్ ఒక కట్టుబాటు పెట్టాడు. ఆఖరి ఆట అయ్యాక టెంటు కింద అందరూ గుండ్రంగా కూర్చోవాలి. నేను ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే మాట. మిగతావాళ్లు నోరు మెదపకూడదు. చెప్పడం అయ్యాక అరచేతిలో నన్ను పెట్టి చాపాలి. కాదనేవాళ్లు చెయ్యెత్తితే నన్ను వాళ్లకు విసరాలి. ఎవరూ చెయ్యెత్తకపోతే ఆఖరున పలికిన పేరే ఖాయం.

అలా ఎన్ని చేతులు తిరిగానో. మనుషులు నోటితో ఒకటి చెబుతుంటే చేతులు ఇంకొకటి చెబుతాయి. గట్టిగా అరిచేవాళ్ల చెయ్యి చెమట పడుతుంది. తమకే నమ్మకం లేని మాట చెప్పేటప్పుడు నన్ను గిర్రున తిప్పుతుంటారు. నాకు ఈ మనుషుల సంగతి ఎప్పటికీ వింతే. ఆట కళ్లముందే అయిపోతుంది, అందరూ చూస్తారు. చూసి, ఎవరు బాగా ఆడారో తెలియక కొట్లాడుకుంటారు.

పోయినేడు కొట్లాట మరీ ముదిరింది. నన్ను గెలిచిన పిల్లను హైదరాబాద్‌లో జరిగే రాష్ట్ర క్యాంపుకు పంపిస్తారని చెప్పారు. కొత్తవాళ్లకు ఉన్నది ఒక్కటే చోటు. కొత్తదనం సంగతి మీకు తెలుసు కదా, కొత్త కుండలో నీళ్ల రుచిలాంటిది. వచ్చే ఏటికి ఉండదు.

టెంటు కింద ఇద్దరి పేర్లు నలిగాయి. ఒకటి నవనీత. బంతి విసిరే పిల్ల, పిచ్చర్ అంటారు. పొడవాటి చేతులు. ఆమె విసిరితే బంతి బ్యాటు దాకా బుద్ధిగా వచ్చి, చివరి క్షణంలో కిందికి దిగిపోతుంది. రెండోది అఫ్సానా. ఆమె కొడితే బంతికి తిరుగు టపా ఉండదు.

నవనీత పక్షాన ముత్తెన్న నిలబడ్డాడు. ఎరువుల దుకాణం ఆయనది, చేతికి ఎప్పుడూ ఆ వాసనే. అఫ్సానా పక్షాన నజీర్ భాయ్. బస్సు కండక్టరుగా చేసి దిగిపోయాడు. నన్ను పట్టుకుంటే ఇప్పటికీ టికెట్టు చింపుతున్నట్టే బొటనవేలు ఆడిస్తాడు.

ముత్తెన్న నవనీత గురించి చెబుతూ చెబుతూ, ఆమె ఒక్కతే జట్టును ఆఖరి ఆట దాకా మోసుకొచ్చిందన్నాడు. నజీర్ భాయ్ చెయ్యెత్తి నన్ను తీసుకుని, అఫ్సానా కొట్టిన బంతులు ఇంకా పసుపు చేలలో దొరుకుతూనే ఉన్నాయన్నాడు. మళ్లీ ముత్తెన్న. అదే ఆఖరి ఆటలో నవనీత బంతికి అఫ్సానా గాలిని కొట్టింది కదా, అది మరిచావా అన్నాడు. మళ్లీ నజీర్ భాయ్.

"ఒక్కసారి గాలిని కొడితే ఏమాయె ముత్తెన్నా? నీ దుకాణంల యూరియా ఎన్నిసార్లు గడ్డ కట్టలే? అయినా అమ్ముతలేవా?"

టెంటు నవ్వింది. ముత్తెన్న నవ్వలేదు.

ఈ గోలంతా నజీర్ భాయ్‌కు కాస్త వెనకగా, టార్పాలిన్ మీద కూర్చుని ఒక పిల్ల వింటోంది. పేరు గంగామణి. నవనీత జట్టులోనే క్యాచర్. అంటే బ్యాటు పట్టుకున్నవాళ్ల వెనక గొంతుకూర్చుని, ముఖానికి ఇనుప ముసుగు, చేతికి లావాటి తోలు గ్లౌజు వేసుకుని, పిచ్చర్ విసిరిన ప్రతి బంతినీ పట్టుకునే మనిషి. ఆమె కూడా ఆ ఏడే ఆటలోకి వచ్చింది. తర్వాత ఏడాదిపాటు వాళ్లింట్లోనే ఉన్నాను కాబట్టి ఆ పూట ఆమె మనసులో ఏముందో నాకు తెలుసు. తల్లి నర్సవ్వ బీడీలు చుడుతుంది. పోటీల ముందే బిడ్డకు ఒక మాట చెప్పింది. "ఈ ఒక్క ఏడు ఆడుకో బిడ్డా. పేరొస్తే నీ ఎంబడి నేను సుత హైదరాబాద్ వస్త. రాకుంటే నా పక్కన చాట ముంగట కూసో."

గంగామణి పొద్దుటి నుంచీ ఎదురుచూస్తోంది, ఎవరైనా తన పేరు తీస్తారేమోనని. గెలవక్కర్లేదు. పేరు తీస్తే చాలనుకుంది. ఎవరూ తీయలేదు.

అంతలో ముత్తెన్నకు మళ్లీ మాట వచ్చింది, చెప్పాల్సింది చెప్పి అరచెయ్యి చాపాడు. నజీర్ భాయ్ ఒక చెయ్యెత్తి, రెండో చేత్తో కళ్లజోడు తీసి రుమాలుతో తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ముత్తెన్నకు కోపంలో అది కంటికి ఆనలేదు. నన్ను విసిరిన విసురుకు నా చెవుల్లో గాలి ఈలేసింది. అవును, బంతులకు చెవులుంటాయి. తిన్నగా నజీర్ భాయ్ నుదుటి మీదికి పోతున్నాను. ఆయనకు నేను కనబడను, కళ్లజోడు రుమాల్లో ఉంది. సరే, ఇవాళ్టితో ఈ కండక్టరుకు రైట్ రైట్ అనుకున్నాను.

చప్‌మని ఒక చేతిలో పడ్డాను. గ్లౌజు లేని చెయ్యి. గంగామణి వెనకనుంచి వంగి, ఆయన చెవి పక్కగా చెయ్యి పెట్టేసింది. ఆలోచించి పెట్టిన చెయ్యి కాదది. ఏడాదంతా అదే పని చేసిన చెయ్యి.

చిటికెన వేలు కాస్త వంకర. చూపుడువేలి మీద బీడీ ఆకు కత్తిరించే కత్తెర రాపిడికి కాసిన కాయ. మిగతా వేళ్లు ఉబ్బి ఉన్నాయి. అన్నాళ్ల తర్వాత, ఎవరి చేతిలోనో పడ్డట్టు కాక, నన్నొకరు పట్టుకున్నట్టు అనిపించింది.

టెంటు కింద అందరూ నా వైపు తిరిగారు. తర్వాత ఒక్కొక్కరికే గుర్తొచ్చింది, కట్టుబాటు ప్రకారం ఇప్పుడు మాట ఆ పిల్లది. ఆమె నన్ను నజీర్ భాయ్ ఒళ్లో పెట్టి కూర్చోవచ్చు. పెట్టబోయింది కూడా. చెయ్యి సగం దూరం పోయి ఆగింది.

లింబాద్రి సార్ ఆమె వైపు కళ్లు చికిలించి చూశాడు. "నువ్వు ఎవరి బిడ్డవమ్మా? ఏ టీముకు ఆడుతవు?"

"నవనీత టీమే సార్. ఏడాదంత మీ ముంగటనే కూసున్న."

ఎవరో నవ్వబోయి మానుకున్నారు. ఆమె లేచి నిలబడింది. నా మీద చెమట లేదు, నన్ను తిప్పలేదు. గట్టిగా పట్టుకుంది, అంతే.

"ఎవ్వలూ నా పేరు తియ్యలే. గందుకే నేనే తీస్తున్న. నా పేరు గంగామణి. నేను సుత కొత్తదాన్నే." ఇక్కడ ముత్తెన్న వైపు తిరిగింది. "నవనీత బంతి కిందికి దిగుతది, నిజమే. దిగి యాడికి పోతది కాకా? నా మోకాళ్ల మీదికే. మూడోసారి బ్యాటు తాకకున్న, నేను పట్టకుంటే అది ఔట్ కాదు, కొట్టేటోళ్లు ఉరుకుతరు. ఈ ఏడు ఒక్కరు ఉరకలే. ఏ బంతి ఎయ్యాల్నో నేనే ఏలు చూపెడత. అఫ్సానకు కింద ఎయ్యమన్నది సుత నేనే."

చెప్పేసి అరచెయ్యి చాపింది. నేను ఆ చేతి మీద కూర్చుని ఎదురుచూశాను. అఫ్సానా అటువైపు నుంచి నోరు తెరిచి చూస్తోంది, తనను ముంచిన వేలు ఎవరిదో ఆమెకు ఇప్పుడే తెలిసింది.

ముత్తెన్న చెయ్యెత్తాడు. నేను ఎగిరి ఆయన దగ్గరికి పోయాను.

"కూసొని పట్టుడు పెద్ద ముచ్చటనా? మా ఇంట్ల పిల్లి సుత కూసుంటది. నవనీత ఏసే బంతి ఎవలైన పడతరు."

నజీర్ భాయ్‌కు మాట్లాడే వీల్లేదు, నేను ఆయన దగ్గర లేను. అందుకని ఏమీ మాట్లాడకుండా లేచి, టార్పాలిన్ మీదున్న గంగామణి గ్లౌజు తెచ్చి, ముత్తెన్న ఒళ్లో పెట్టి, మళ్లీ వచ్చి కూర్చుని కళ్లజోడు పెట్టుకున్నాడు. ఈసారి టెంటు పడిపోయేంత నవ్వారు. ముత్తెన్నకు, పట్టి చూపించకుండా తప్పించుకునే దారి లేకపోయింది.

మైదానంలోకి నడిచాం. ఎన్నేళ్లయిందో నేను ఆ మట్టి తొక్కి. ముత్తెన్న గ్లౌజు తొడుక్కుని గొంతుకూర్చుంటే ఆయన మోకాళ్లు ఎండు కట్టెల్లా చిటపటమన్నాయి. నవనీత నన్ను పట్టుకుని దూరంగా నిలబడింది. ఏ బంతి వెయ్యాలో తోచక అలవాటుగా క్యాచర్ వైపు చూసింది. అక్కడ ముత్తెన్న ఉన్నాడు. చూపు పక్కకు తిప్పింది. అంచున నిలబడ్డ గంగామణి, ఆమె కూడా అలవాటుగానే, తొడ పక్కన రెండు వేళ్లు చూపించింది.

నవనీత విసిరింది. అయ్యో, ఆ సుఖం ఏం చెప్పను. గాలి, ఎండ, గిరగిరా తిరగడం. ముత్తెన్న గ్లౌజు కళ్లముందు పెద్దదవుతోంది. సరిగ్గా అందబోయేముందు భూమి నన్ను కొంగు పట్టి లాగినట్టయింది. గ్లౌజు కింద నుంచి దిగి, మట్టిలో ఒక గెంతు గెంతి, ఆయన మోకాలి చిప్ప కింద ఎముకను పలకరించి, కాళ్ల సందులోంచి దూరి గడ్డిలోకి పోయాను. వెనక్కి చూస్తే ఆయన వెల్లకిలా ఉన్నాడు.

నేను గడ్డిలో పడి ఉన్నాను. ఎవరు తీస్తే వాళ్లదే మాట. ఎవరూ రాలేదు. చివరికి ముత్తెన్నే కుంటుకుంటూ వచ్చి నన్ను తీశాడు. దుమ్ము తుడిచాడు. టెంటు వైపు చూశాడు. క్యాచర్ కూర్చునే చోటుకు సరిగ్గా వెనక, నీడ ఎప్పుడూ ఉండే జాగాలో ఏళ్లుగా వేస్తున్న టెంటు. అక్కడి నుంచి చూస్తే పిచ్చర్ ముఖం కనబడుతుంది, కొట్టే పిల్ల ముఖం కనబడుతుంది.

"సార్, మనం కూసున్న జాగనే తప్పు. నవనీత మొకం చూసినం, అఫ్సానా మొకం చూసినం. ఈ బిడ్డది ఈపే చూసినం. ఏలు చూపెట్టేది మనకు యాడ కానొస్తది?" ఒక చేత్తో కాలు రుద్దుకుంటూనే, నన్ను అరచేతిలో పెట్టి చాపాడు. "గంగామణి."

అందరి చేతులూ ఒళ్లలోనే ఉన్నాయి. నజీర్ భాయ్ చెయ్యి ఒక్కటి లేచింది, అందరూ ఉలిక్కిపడ్డారు. కళ్లజోడు సర్దుకుని దింపేశాడు.

అది న్యాయమేనా అని నేను ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. ఆ దిగే బంతి నవనీత చేతిలోంచి వచ్చిందే కదా.  సామాను సర్దుకునేటప్పుడు ఆ పిల్ల గంగామణి భుజం మీద ఒక్కటి వేసింది. "నువ్వు పోతే నా బంతి ఎవలు పడతరే?" అంది.  

ఏడాదంతా వాళ్లింట్లో బీడీ చాట పక్కన ఉన్నాను. మొదటిరోజు నర్సవ్వ కూడా నన్ను నిమ్మకాయే అనుకుంది, ఆ సంగతి వదిలేయండి. మాట తప్పకుండా బిడ్డతో క్యాంపుకు పోయింది. తిరిగొచ్చి, రాజధానిలో అందరూ తన బిడ్డను చూడడానికి రోడ్లాపారని వాడకట్టంతా చెప్పింది. ఆవిడా నేనూ ఒకే బడిలో చదవనివాళ్లమే.

ఈ ఏడు ఆఖరి ఆటకు నన్ను మళ్లీ తెచ్చారు. టెంటు జాగా మారింది. క్యాచర్ ముఖం కనబడాలని, మైదానం కుడివైపు పక్కన వేసి, కుర్చీలన్నీ అటు తిప్పారు. అక్కడ నీడ లేదు. పెద్దలందరూ తల మీద తువ్వాళ్లు కప్పుకుని, చెమటలు కారుస్తూ, వచ్చినవాళ్లందరికీ చూడండి, ఇక్కణ్ణుంచి అంతా కనబడుతుంది అని గొప్పగా చెబుతున్నారు.

వాళ్ల వీపులు ఇప్పుడు మైదానం కుడి మూలకు ఉన్నాయి. ముత్తెన్న నన్ను భుజం మీది వల సంచిలో, వెనకవైపు వేసుకున్నాడు కాబట్టి నాకు అటువైపే కనబడుతోంది. ఆ మూలన ఒక పిల్ల నిలబడి ఉంది. ప్రతి బంతికీ, ఎవరైనా జారవిడిస్తే అందుకుందామని, అంత దూరం నుంచి పరుగెత్తుకు వస్తోంది. ఎవరూ జారవిడవడం లేదు. మళ్లీ వెనక్కి పోయి నిలబడుతోంది. మళ్లీ పరుగెత్తుతోంది.

ఆ పిల్ల చెయ్యి ఎలా ఉంటుందో తెలుసుకోవాలని ఉంది నాకు.