అరగంట బండి

నా నోరు మంచిది కాదు. ఆ సంగతి నాకూ తెలుసు, బూర్గంపాడు సంతలో కూరగాయలమ్మే వాళ్లకూ తెలుసు. మా ఆయన వెంకటరామారావు బళ్లో లెక్కలు చెప్పుకుంటూ గడిపేశారు. పొలం సంగతంతా నేనే చూసుకున్నాను. నోరు లేకపోతే అడవి అంచున ఆరెకరాల వరి చేయించడం అయ్యే పనేనా? కానీ ఆ నోటితోనే ఒకసారి ఎంత పాపం మూటగట్టుకోబోయానో చెబుతాను వినండి.

రెండువేల ఐదో సంవత్సరం మాట. మా ట్రాక్టరు అప్పటికే ఇరవై ఏళ్లది. కొన్న నాటి నుంచి దాన్ని నడిపింది దూలయ్యే. పక్కనున్న కోయగూడెం మనిషి, మాట తక్కువ, పని ఎక్కువ. ఆ ఏడు చినుకు ఆలస్యమైతే నాకు గుండె జారిపోయి, ఏరువాక పున్నమి నాడు బండికి పూజ గట్టిగా చేశాను. పసుపులో ఆముదం కలిపి, గడపకు రాసినట్టు బానెట్టుకూ చక్రాలకూ రాశాను. డీజిల్ ట్యాంకంటే బండికి పొట్ట కదా అని దాని మూతకు మరీ మందంగా మెత్తి, మధ్యలో రూపాయి బిళ్లంత బొట్టు పెట్టాను. దేవుడు మెచ్చాడు, వానలు పడ్డాయి. నా పూజ మహిమేనని మా ఆయన దగ్గర గొప్పలు కూడా చెప్పుకున్నాను.

మడికి నీళ్లు పెట్టి దమ్ము చేయడం మొదలుపెట్టాం. అరగంట నడిచి వేడెక్కగానే బండి దగ్గి దగ్గి ఆగిపోయింది. పావుగంట చల్లారనిస్తే మళ్లీ లేచింది. మళ్లీ అరగంటకు అదే వరస. దూలయ్య రేడియేటర్లో నీళ్లు చూశాడు, ఫ్యాను బెల్టు బిగించాడు, బానెట్టు ఊడదీసి నడిపాడు. ఊహూఁ. వారమైనా రెండెకరాలు దాటలేదు. కిరాయికి తెద్దామంటే చుట్టుపక్కల ట్రాక్టర్లన్నీ ఎవరి మడుల్లో వాళ్లవి. నారు చూస్తే ముప్పై అయిదు రోజులకు వచ్చింది. ఇంకో నాలుగు రోజులు దాటితే ముదిరిపోతుంది, నాటినా పిలకలు వేయదు. మా ఏడాది తిండి ఆ నారుమడిలోనే ఉంది. నాకు అన్నం సహించేది కాదు.

బూర్గంపాడు నుంచి మెకానిక్ రామ్‌చందర్‌ను పిలిపించాను. అతను డీజిల్ ఫిల్టరు విప్పి కడిగి బిగించి, బండిని గట్టు మీదే నిలబెట్టి పది నిమిషాలు నడిపాడు. ముండమోసింది, అతని ముందు ఎంత బుద్ధిగా నడిచిందో! "పంపు విప్పాలె అమ్మా. ఖమ్మం పంపితే వారం పడ్తది" అని చెప్పి అతను వెళ్లిపోయాడు. మళ్లీ మడిలో దించితే సరిగ్గా అరగంటకు ఆగింది. విసవిసా దాని దగ్గరకు నడిచాను. కిరసనాయిలు వాసన గుప్పుమంది.

అంతే. ముందూ వెనకా చూసుకోలేదు.

"ఏం దూలయ్యా, నా డీజిల్ అమ్ముకుని కిరసనాయిలు పోస్తున్నావా? ఉప్పు తిన్న ఇంటికే కన్నం వేస్తావా?" అని అరిచాను. నారు పీకుతున్న పదిమంది ఆడవాళ్లు తలలెత్తి చూశారు. వాళ్లలో దూలయ్య భార్య కన్నమ్మ కూడా ఉంది.

దూలయ్య బండి దిగాడు. కాలవలో చేతులు కడుక్కుని, తాళంచెవి గట్టు మీద పెట్టాడు. "దొంగనైతే గిన్నేండ్లు ఎందుకు ఉంచుకున్నవమ్మా?" అని, నా జవాబు కోసం చూడకుండా గూడెం దారి పట్టాడు.

మర్నాడు కూలీలు రారనే అనుకున్నాను. కన్నమ్మ ముందు నడుస్తుంటే పదిమందీ వచ్చారు. నా మొహం చూడకుండానే ఆమె చీర ఎగదోపుకుంది.

"నువ్వు రావనుకున్నానే" అన్నాను.

"నీకోసం రాలే అమ్మా. నాటేస్తమని మాటిచ్చినం. నారేం పాపం చేసింది?"

సిగ్గుతో చచ్చిపోయాను, కానీ తప్పయిందని చెప్పడానికి నోరు పెగల్లేదు. అరిచే నోటికి ఆ మాటే రాదు. కొంగు బిగించి నేనే బండెక్కాను. అరగంట బాగానే నడిచింది, తర్వాత మామూలే. డీజిల్ ఉందో లేదోనని ట్యాంకు మూత తిప్పాను. ఉస్సుమని చప్పుడు వచ్చింది. దూలయ్య రోజూ పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడే డీజిల్ పోసేవాడు. అందుకే ఆ చప్పుడు ఎవరూ వినలేదు. గట్టు మీద సొరకాయ బుర్రతో నీళ్లు తాగుతున్న కన్నమ్మ విన్నది.

"అమ్మా, గా మూత తీస్తే గాలి లోపటికి గుంజింది. ఇన్నవా?"

"గుంజితే ఏంటే?"

ఆమె నాకు బుర్ర చూపించింది. దాని మెడ సన్నం, భుజం మీద చిన్న తూటు. బుర్ర వంచితే నీళ్లు ధారగా పడ్డాయి. ఆ తూటు మీద వేలు పెట్టగానే ధార కాస్తా చుక్కలై ఆగిపోయింది.

"గాలి పోకుంటే బుర్ర నీళ్లియ్యదు. నీ బండి పొట్టకు తూటేది?"

మూత చేతిలోకి తీసుకున్నాను. ఏరువాక నాటి పసుపు డీజిల్ పీల్చి, దుమ్ము పట్టి, రాయిలా గట్టిపడింది. కన్నమ్మ జాకెట్టుకున్న పిన్నీసు తీసి గీకింది. నా బొట్టు కింద, సరిగ్గా మధ్యలో, చిన్న తూటు బయటపడింది. నా మతి మండ! బండి ఊపిరి మూసింది నేనా? వేడికి కాదు, లోపలికి గాలి పోక డీజిల్ దిగడం మానేస్తే ఆగేది; పావుగంటలో ఏ సందులోంచో కాస్త గాలి దూరితే మళ్లీ లేచేది. మరి కిరసనాయిలు? రామ్‌చందర్ ఫిల్టరు కడిగింది కిరసనాయిలుతోనే. ఇంట్లోంచి డబ్బా తెచ్చి అతని చేతికిచ్చింది నేనే.

మూత బిగించి బండి లేపాను. అరగంట నడిచింది. గంట నడిచింది. బువ్వ వేళ దాకా ఆగనే లేదు. దిగి కన్నమ్మ చేతులు పట్టుకుంటే నాకు ఏడుపు ఆగలేదు.

"మా ఏడాది తిండి నిలబెట్టావే తల్లీ" అన్నాను.

"తిండి సంగతి సరే. మా ఆయన సంగతేంది?" అంది కన్నమ్మ.

పదిమందిలో అన్న మాట పదిమందిలోనే వెనక్కి తీసుకోవాలి. అందరినీ వెంటబెట్టుకుని గూడెం వెళ్లాను. దూలయ్య వాకిట్లో కూర్చుని చేపలు పట్టే బుట్ట అల్లుతున్నాడు. బండి నుంచి ఊడదీసి తెచ్చిన మూత అతని ముందు పెట్టాను.

"పసుపు నాది, కిరసనాయిలు నాది, తప్పూ నాదే. నువ్వు దొంగవి కాదు దూలయ్యా. అందరూ వినండి, నేనే చెబుతున్నాను."

అతను మూతను అటూ ఇటూ తిప్పి చూశాడు. తూటులో ఊది చూశాడు.

"నేను గూడ చూడకపోతిని గదమ్మా" అన్నాడు చివరికి. "నారుకు ఎన్ని రోజులైనయ్?"

"ముప్పై ఆరు."

"మరి గిట్ల నిలబడ్డరేంది? జల్దీ పాండ్రి" అని లేచి, తాళంచెవి కోసం చెయ్యి చాచాడు.

మూడు రోజుల్లో ఆరెకరాలూ నాట్లు పడ్డాయి. పంట ఇల్లు చేరింది.

మరుసటి ఏరువాకకు నేను పసుపు గిన్నెతో వెళితే దూలయ్య ట్యాంకుకు అడ్డంగా నిలబడ్డాడు. "చక్రాలకు పెట్టుకో అమ్మా, గీ దిక్కు రాకు" అన్నాడు. నవ్వి, చక్రాలకు రాసి, ఆ గిన్నెతోనే గట్టు మీదున్న కన్నమ్మ దగ్గరకు వెళ్లాను. కింద కూర్చుని ఆమె కాళ్లకు పసుపు రాశాను. పేరంటాల్లో ఎంతమంది కాళ్లకో రాశాను గానీ, ఇన్నేళ్లుగా నా మడిలో దిగే ఈ కాళ్లను ఏనాడూ ముట్టుకోలేదు. ఆమె వెనక్కి లాక్కోబోయింది, నేను వదల్లేదు.

"రాస్తే రాయి గానీ, ముక్కుకు మాత్రం రాయకమ్మా. నాకు ఊపిరాడాలె" అంది కన్నమ్మ.

అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ కాళ్ల దగ్గర నుంచి లేవడానికి నాకు చాలాసేపు పట్టింది.