ఉలకని పలకని బోర్డు

బావగారికి తెలియని విషయమంటూ ఈ లోకంలో లేదు. ఆయనకు తెలియకపోతే అది విషయమే కాదు. గుడ్లు పొదిగే పెట్టెలు తయారుచేసే ఆ చిన్న కార్ఖానాకు ఆయనే యజమాని. గుడ్డుకు ఎంత వెచ్చదనం కావాలో కోడికన్నా తనకే బాగా తెలుసని ఆయన నమ్మకం. కోళ్లేవీ వచ్చి కాదనలేదు గనుక ఆ నమ్మకం అలాగే నిలబడిపోయింది.

పెట్టెలో వేడిని అదుపు చేసే ఎలక్ట్రానిక్ బోర్డుకు నమూనా గీసేది, దానికి ప్రోగ్రాం రాసేది ఆయన మరదలు బుల్లి. ఇంటి దగ్గరే ఆ పని చేసుకొని, కొత్త బోర్డు తయారైనప్పుడు మాత్రమే కార్ఖానాకు వస్తుంది. బోర్డు మీద చిప్పులూ తీగలూ సోల్డరింగ్ చేసి అతికేది బుల్లి అక్క, అంటే బావగారి భార్య. ఆ బల్ల దగ్గర ఆమె కూర్చోబట్టే ఇన్నేళ్లూ కార్ఖానా నడిచింది. ఈ సంగతి బావగారికి తప్ప అందరికీ తెలుసు.

ఆ ఉదయం బుల్లి రాగానే ముందు గదిలో టెలిఫోను పక్కన ఒక కొత్త కుర్చీ కనిపించింది. దాని ప్లాస్టిక్ కవరు కూడా ఇంకా విప్పలేదు.

"అది మీ అక్కకి," అన్నారు బావగారు. "కళ్లు ఆనడం లేదు, చేయి నిలవడం లేదు. ఈ కొత్త బోర్డు పనిచేస్తే సరే. లేదంటే రేపటి నుంచి అక్కడ కూర్చుని ఫోన్లు చూసుకుంటుంది. సోల్డరింగ్‌కి వేరే మనిషిని మాట్లాడాను."

అక్క తల ఎత్తలేదు. బోర్డును చెల్లెలి వైపు జరిపి చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఆ చేతులు ఖాళీగా ఉండటం బుల్లి ఎప్పుడూ చూడలేదు. చెల్లెలి మనసు చివుక్కుమంది.

బుల్లి బల్ల మీదున్న కేబుల్ తీసి ఒక కొస కంప్యూటర్‌కీ, ఇంకో కొస బోర్డుకీ పెట్టింది. బోర్డు మీద ఎర్ర దీపం వెలిగింది. కంప్యూటర్ మాత్రం ఉలకలేదు, పలకలేదు. కొత్త పరికరం తగిలిస్తే అది చేసే చిన్న చప్పుడు రాలేదు. తెర మీద పరికరాల జాబితాలో బోర్డు పేరు లేదు. పేరు కనిపించకపోతే ప్రోగ్రాం ఎక్కించడం కుదరదు. ప్రోగ్రాం ఎక్కకపోతే ఆ బోర్డు దేనికీ పనికిరాదు.

"చూశావా," అన్నారు బావగారు, ఎదురుచూస్తున్న చుట్టం బండి దిగినంత సంబరంగా. "అతుకుల్లోనే ఉంది లోపం."

"దీపం వెలిగింది కదా బావా."

"దీపానికేముంది, ఎవరు పెట్టినా వెలుగుతుంది."

ఇది ఆయన దృష్టిలో వాదన. బుల్లి పళ్లు బిగబట్టి కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టింది. బోర్డును గుర్తుపట్టే డ్రైవర్ ప్రోగ్రాంను కంప్యూటర్‌లోంచి తీసేసి మళ్లీ వేసింది. కేబుల్‌ను పక్క పోర్టులో గుచ్చింది. గోడకున్న బుట్టలోంచి వేరే కేబుల్ తీసి చూసింది, అదీ కాదని మరొకటి. దేనితో చూసినా ఎర్ర దీపం వెలుగుతుంది, కంప్యూటర్ నోరు మెదపదు. ఇన్ని కేబుళ్లు ఒక్కసారే చెడవు కదా అనుకొని ఆ అనుమానాన్ని పక్కకు నెట్టేసింది.

బావగారు ఊరుకుంటే బాగుండును. వైరస్ అన్నారు. కరెంటు హెచ్చుతగ్గులన్నారు. బోర్డు ఆకుపచ్చగా కాకుండా నీలంగా ఎందుకు చేయించావని నిలదీశారు. చివరికి భూతద్దం తెచ్చి, కంటికి ఆనించి చిప్పు కాళ్లను పరీక్షించారు. ఇటునుంచి చూసేవాళ్లకు ఆయన కన్నొక్కటే పెద్దదిగా కనబడింది.

"ఇదిగో, ఈ కాలు సరిగా అతకలేదు. మళ్లీ వేడి చెయ్యి," అన్నారు భార్యతో.

"బాగానే ఉందండీ."

"నీకు కనపడితేగా."

అక్క సోల్డరింగ్ ఐరన్ చేతిలోకి తీసుకుంది. బుల్లికి ఒళ్లు మండింది. చక్కగా ఉన్న చిప్పును పదేపదే వేడి చేస్తే అది నిజంగానే చచ్చి ఊరుకుంటుంది. అప్పుడు ఆయన మాటే నిజమై కూర్చుంటుంది. ముందు తప్పు మాట అనడం, తర్వాత నానా తంటాలు పడి దాన్ని నిజం చెయ్యడం ఆయనకు అలవాటే.

"ఆగక్కా. దాన్ని ముట్టుకోకు," అంది.

ఫ్యాను తిరగడం లేదని వెనక్కి వచ్చిన పాత పెట్టె ఒకటి మూలన ఉంది. దాని బోర్డు కూడా అక్క చేసిందే. మొన్నటిదాకా లక్షణంగా పనిచేసింది. బుల్లి దాన్ని ఊడదీసి తెచ్చి కేబుల్‌కు తగిలించింది. మళ్లీ అదే దీపం, అదే మౌనం.

"అయితే ఇదీ పాడైందన్నమాట," అన్నారు బావగారు తృప్తిగా. "అప్పటికే చేయి పోయింది."

బుల్లి ఆయన వైపు చూడలేదు. కేబుల్ వైపు చూసింది. కొసకు దగ్గరలో నల్ల టేపు చుట్టి ఉంది. బుట్టలోకి చూస్తే ప్రతి కేబుల్‌కూ అదే చోట అదే టేపు. పొద్దున్నుంచీ అది కళ్ల ముందే ఉంది, కార్ఖానా గుర్తేమో అనుకుంది. గోటితో టేపు అంచు లేపి లాగేసింది.

లోపల నాలుగు తీగలు. ఎర్రదీ నల్లదీ బాగానే ఉన్నాయి. దీపానికి కరెంటు తెచ్చేవి అవే. కంప్యూటర్‌కూ బోర్డుకూ మధ్య మాటలు నడిపించే ఆకుపచ్చ తీగ, తెల్ల తీగ మాత్రం శుభ్రంగా కత్తిరించి ఉన్నాయి.

"ఎవరు చేశారిది?"

బావగారు గొంతు సవరించుకున్నారు. "అది భద్రత కోసం. మన ప్రోగ్రాంలు ఎవరూ ఫోన్లలోకి ఎక్కించుకుపోకుండా అన్నీ నేనే కూర్చుని కత్తిరించా."

"మాకు చెప్పలేదే."

"అందరికీ చెబితే ఇంక భద్రత ఏముంది?"

"పొద్దున్నుంచీ పక్కనే నిలబడి ఉన్నారు కదా బావా."

ఆయన జేబులు తడుముకున్నారు. "మంచి కేబుల్ ఒకటి బీరువాలో దాచా. తాళం ఇంటి దగ్గర మరిచిపోయా."

అక్క లేచి వచ్చింది. చెల్లెలి చేతిలోని కేబుల్ తీసుకొని, తీగల చివర్లు గీకి, ఐరన్ ఆనించింది. ఆకుపచ్చకు ఆకుపచ్చ, తెలుపుకు తెలుపు అతికింది. చేయి ఇసుమంత కూడా వణకలేదు. కొత్త బోర్డు తగిలించగానే కంప్యూటర్ ఆ చిన్న చప్పుడు చేసింది. జాబితాలో బోర్డు పేరు వచ్చి కూర్చుంది. బుల్లికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"చెప్పానా," అన్నారు బావగారు అప్పుడే కోలుకొని. "లోపం అతుకుల్లోనే అని."

అక్క ఐరన్‌ను స్టాండులో పెట్టింది. కేబుళ్ల బుట్టను తెచ్చి తన బల్ల మీద పెట్టుకుంది.

"అవునండీ," అంది. "మీరు తెంపినవన్నీ నేనే అతకాలి. నేనిక్కడి నుంచి కదలను. రేపూ కదలను."

అప్పుడే ముందు గదిలో ఫోను మోగింది. బావగారు భార్య వైపు చూశారు. ఆమె రెండో కేబుల్ టేపు విప్పుతోంది. మరదలి వైపు చూశారు. ఆమె ప్రోగ్రాం ఎక్కిస్తోంది. ఫోను మోగుతూనే ఉంది.

చివరికి ఆయనే వెళ్లారు. కాసేపటికి కొత్త కుర్చీ మీది ప్లాస్టిక్ కవరు కరకరలాడటం అక్కచెల్లెళ్లిద్దరికీ వినిపించింది.