పైపు దగ్గరి నీడ

ఆదివారం వస్తే అద్దాలక్క షాపు తాళం ముట్టుకోదు. పొద్దున్నే టీ తాగి, పాత చెప్పులేసుకుని చెరువుకేసి నడుస్తుంది. కళ్ళజోళ్ళు అమ్ముతుంది కాబట్టి ఊరు పెట్టిన పేరది. గట్టు దగ్గర పడవతో బ్రేకు బాబాయి కాచుకుని ఉంటాడు. ఉద్యోగమున్నన్నాళ్ళూ బస్సు నడిపాడు. అల్లంత దూరాన కుక్క కనపడినా బ్రేకు మీద కాలేసేవాడని ఆ పేరు. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన కెమిస్ట్రీ మేడం సీసాల సంచీ ఒళ్ళో పెట్టుకుని పడవ మధ్యలో కూర్చుంటుంది.

ఈ పని చెయ్యమని ఎవరూ వాళ్ళకి చెప్పలేదు, జీతమూ లేదు. చెరువు మధ్యకెళ్ళి, తెలుపూ నలుపూ రంగులేసిన పళ్ళేన్ని తాడుకు కట్టి దించుతారు. అది ఎంత లోతులో కంటికి ఆనకుండా పోతుందో చూస్తారు. సీసాలో నీళ్ళు పట్టి, మందుచుక్కలు వేసి, అందులో గాలి ఎంత మిగిలిందో మేడం చెబుతుంది. "ఊరి పెళ్ళికి కుక్కల హడావిడి" అని నవ్వేవాళ్ళు నవ్వుతూనే, బజార్లో ఎదురైతే మాత్రం ఆపి అడుగుతారు.

"అక్కా, నావాడు ఎలా ఉన్నాడు? చిక్కిపోలేదు కదా?"

అడిగేది నీడ సంగతి. ఆ ఊళ్ళో మనుషుల నీడలు చెరువులోనే ఉంటాయి. ఒక్కసారి వంగి నీళ్ళలోకి చూస్తే చాలు, నీడ అక్కడే ఉండిపోతుంది, మనిషి ఇంటికొచ్చేస్తాడు. మొహం, నడక, చొక్కా మీద మాసికతో సహా అన్నీ మనిషివే. బ్రేకు బాబాయి నీడ ఎప్పుడు చూసినా తామరాకుల కింద గుర్రు పెడుతూ ఉంటుంది. "నేనిక్కడ తెడ్డేస్తుంటే దొరగారి జల్సా చూడండి" అని బాబాయి దాని మీద నీళ్ళు చిలకరిస్తాడు. నీళ్ళు బాగుంటే నీడలు బాగుంటాయి, నీడలు బాగుంటే మనుషులు బాగుంటారు. ముగ్గురి తిప్పలూ అందుకే.

ఆ ఆదివారం పళ్ళెం మోచేతి లోతుకే మాయమైపోయింది. మేడం సీసా ఎత్తి చూసి పెదవి విరిచింది. "గాలి లేదమ్మా. చేపలు ఎలా బతుకుతున్నాయో."

కుళ్ళిన గుడ్ల వాసన. నీడలన్నీ గట్టువైపు ఒకదాన్నొకటి తోసుకుంటూ, రైలు వెళ్ళిపోతున్న ప్లాట్‌ఫారం మీద జనంలా ఉన్నాయి. బాబాయి నీడ కూడా లేచి కూర్చుంది. అవతలి ఒడ్డున రంగుల ఫ్యాక్టరీ పైపు దగ్గర ఒకే ఒక్క నీడ నిలబడి ఉంది. మోకాళ్ళ దాకా చెరిగిపోయింది. కింద నీళ్ళే తప్ప కాళ్ళు లేవు.

అద్దాలక్క వంగి చూసింది. అది ఆమె తమ్ముడిది.

బాబాయి తెడ్డు వైపు చూశాడు. మేడం సంచీ సర్దుకుంది. ఒకరి ఇంటి సంగతి తలుపు సందులోంచి చూసినట్టు, ఇద్దరూ మొహం తిప్పుకున్నారు.

తమ్ముడు ఆ ఫ్యాక్టరీలో ఫిట్టరు. అమ్మ పోయాక ఆమె చేతుల మీద పెరిగినవాడు, మేడ మీద గదిలో ఉంటాడు. ఇంటికొచ్చేసరికి మెట్ల మీద నెత్తుటి మరకలు. పైకి పరిగెత్తింది. వాడు మంచం మీద కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు, బొటనవేలి గోరు ఊడి వేలాడుతోంది.

"ఏం చేసుకున్నావురా?"

"ఏంటి?" కిందికి చూసుకున్నాడు. "ఓ... ఎక్కడో తగిలినట్టుంది. తెలియలేదక్కా."

"తెలియకపోవడం ఏంటి?"

"కొన్నాళ్ళుగా అంతే. కాళ్ళు ఉన్నాయో లేదో చూసుకుంటేగానీ తెలియట్లేదు."

గుడ్డ తడిపి కట్టుకడుతూ అడిగింది. "ఆ పైపు వాల్వు తిప్పి చెరువులోకి వదిలేది నువ్వేనా?"

వాడు ఫోను పక్కన పెట్టాడు. తర్వాత తలుపు దగ్గరేసి వచ్చి, గోడలకు చెవులున్నట్టు మెల్లగా చెప్పాడు. "వాన పడితేనే తిప్పుతాం. వానలో వాసనా, రంగూ తెలియవు. తనిఖీకి నీళ్ళ ఆఫీసువాళ్ళు ఎప్పుడూ ఎండపూటే, కబురు పెట్టి మరీ వస్తారు. అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటాను, ఆ పడవెక్కడం మానెయ్. మా ఫ్యాక్టరీవాళ్ళు మంచివాళ్ళు కాదు."

"మరి నీ నీడ అక్కడ కరిగిపోతుంటే?"

"తెలుసు" అన్నాడు వాడు. "వెళ్ళి చూడటానికి భయమేసి వెళ్ళట్లేదు."

రెండ్రోజుల తర్వాత షాపుకి ఒక పెద్దమనిషి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, తియ్యటి మాట. ఎప్పుడూ ఆ చెరువులోకి వంగి చూసినవాడు కాదు. అతని నీడ అతనితోనే గుమ్మం దాటి వచ్చి, గాజు కౌంటరు మీద నల్లగా పడింది. ఒక ఫ్రేము పెట్టుకున్నాడు, తీశాడు, ఇంకోటి పెట్టుకున్నాడు.

"ఆదివారాలు ముగ్గురూ పడవెక్కుతారట కదమ్మా. పాత పడవ, అసలే లోతు చెరువు. నాకైతే వింటేనే గుబులేసింది."

అద్దాలక్క తలుపు వైపు చూసింది.

"మీ తమ్ముడు మా ఫ్యాక్టరీలోనే. బుద్ధిమంతుడు. ట్యాంకుల్లోకి దిగే పని కూడా కాదనడు. అలాంటివాడికి ఏమీ కాకూడదనే నా కోరిక." కళ్ళజోడు తీసి కౌంటరు మీద మెత్తగా పెట్టాడు. "ఇది నాకు నప్పలేదులెండి."

అతను వెళ్ళాక ఆ ఫ్రేము ముట్టుకోవడానికి కూడా ఆమెకు చేతులు రాలేదు. షట్టరు సగం దించి మేడం ఇంటికి వెళ్ళింది. "ఇక నేను రాలేను మేడం" అంది గేటు అవతలే నిలబడి.

మేడం గేటు కడుగుతోంది. "నిన్న ఎవరో చచ్చిన చేపల్ని దండ గుచ్చి కట్టి పోయారమ్మా, వాసన వదలట్లేదు" అంది. చీపురు గోడకి ఆనించింది. "నువ్వు రాకపోయినా ఏమీ అనుకోను. నాకూ భయమే."

మానేద్దామనే అనుకుంది అద్దాలక్క. కానీ ఆ వారమే ఒక మధ్యాహ్నం ఆకాశం ఒక్కసారిగా మూసుకుపోయింది. ఫ్యాక్టరీ నుంచి ఫోను రాగానే తమ్ముడు చొక్కా వేసుకుని బయల్దేరాడు. మెట్టు మెట్టుకీ ఆగి, కిందికి చూసి, పాదం ఎక్కడుందో వెతుక్కుని, గోడ పట్టుకుని దిగాడు. ముసలివాడు దిగినట్టు దిగాడు. వీధి మలుపు తిరిగేదాకా చూసి, ఆమె మేడంకి ఫోను చేసింది. "సీసాలు తీసుకురండి. ఇవాళ తిప్పుతారు."

వానలో చెరువూ ఆకాశమూ కలిసిపోయాయి. బాబాయి ఒక్కసారి కూడా తెడ్డు ఆపకుండా వేశాడు. పైపు నోట్లోంచి ముదురు ఎరుపు నురగ దబదబా దూకుతోంది. మేడం దగ్గుతూ ఫోటోలు తీసింది. అద్దాలక్క ముక్కుకి కొంగు కట్టుకుని, వంగి సీసా నింపి మూత బిగించింది. తిరిగి వెళ్ళబోతే పడవ కదల్లేదు. గుర్రపుడెక్క తీగలు తెడ్డుకీ పడవకీ పేనుకుపోయి ఉన్నాయి.

గట్టు మీద గొడుగు కింద పెద్దమనిషి, అతని వెనక నలుగురైదుగురు. పక్కన తమ్ముడు.

"నీకు ఈత వచ్చుగా" అన్నాడు పెద్దమనిషి, అంతే తియ్యగా. "అక్కే కదా, నీకైతే ఇస్తుంది. ఆ సీసా పట్రా."

తమ్ముడు నీళ్ళలోకి దిగాడు. మోకాళ్ళు, నడుము, ఛాతీ. మొహంలో ఏ భావమూ లేదు. ఆ ఎర్రటి నీళ్ళు చీల్చుకుంటూ పడవకేసి వస్తున్నాడు. ఎత్తుకుని అన్నం తినిపించిన పిల్లవాడు. వాడిని చూసి ఒళ్ళు జలదరించడం అద్దాలక్కకి అదే మొదలు. సీసాని గుండెకి అదుముకుని వెనక్కి జరిగింది. పడవ ఊగింది.

"రావద్దురా" అంది.

అప్పుడు కనపడింది. పైపు దగ్గరి నీడ మొదటిసారి అక్కణ్ణుంచి కదిలింది. కాళ్ళు లేవు కాబట్టి చేతులతో నీళ్ళు తోసుకుంటూ, అడుగున పాకినట్టు వాడి వెనకే వస్తోంది. వచ్చి వాడి పాదాల కింద సర్దుకుంది. బట్టకి అతుకు వేసినట్టు, కొనలు కలిశాయి.

తమ్ముడు ఆగాడు. ఊపిరి గట్టిగా పీల్చాడు.

"అబ్బా! ఎంత చల్లగా ఉన్నాయక్కా ఈ నీళ్ళు" అన్నాడు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

"ఏరా, ఏంటి ఆలస్యం?" గట్టు మీంచి కేక.

తమ్ముడు పడవ అంచు పట్టుకున్నాడు. సీసా వైపు చూశాడు. తర్వాత మునిగి, తీగలు తెంపి, పైకి తేలి, భుజం ఆనించి పడవని లోతు నీళ్ళలోకి నెట్టాడు. నెట్టి తనూ ఎక్కాడు. గట్టు మీద ఎవరో మోటారు సైకిలు స్టార్టు చేసిన చప్పుడు. చెరువు చుట్టూ తిరిగొచ్చే దారి ఉంది.

"బాబాయ్, ఈసారికి బ్రేకు వెయ్యకు" అంది మేడం. నవ్వడానికి ఎవరి దగ్గరా ఊపిరి లేదు.

ఊరివైపు ఒడ్డు చేరి, సందుల్లో పడి నీళ్ళ ఆఫీసు గేటు లోపలికి వచ్చేదాకా ఆ మోటారు సైకిలు చప్పుడు వెనకే వినపడుతూ ఉంది. లోపలికొచ్చాక కూడా అద్దాలక్క కిటికీ వైపే చూస్తూ నిలబడింది. గేటు అవతల బండి ఆగింది. దిగలేదెవరూ.

గుమాస్తా సీసా తిప్పి చూశాడు. "ఇలాంటివి ఎవరైనా రంగు కలిపి తెస్తారమ్మా. అక్కడిదేనని చెప్పేదెవరు?"

"నేనండి" అన్నాడు తమ్ముడు. "ఆ వాల్వు తిప్పేది నేనే. ఇవాళ కూడా నేనే తిప్పాను."

అద్దాలక్క వాడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. గుమాస్తా కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "అలా చెబితే నీ పేరు కూడా కేసులోకి ఎక్కుతుందబ్బాయ్. తెలుసా?"

"భయంగానే ఉందండి" అన్నాడు వాడు. "రాసుకోండి."

నలుగురి బట్టల నీళ్ళూ కారి గచ్చంతా తడిసింది. ఆ తడిలో తమ్ముడి నీడ, మోకాళ్ళతో, పాదాలతో, ఊడిన గోటితో సహా, వాడి కాళ్ళ దగ్గరే ఉంది. గుమాస్తా లేచి, దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్ళి, వీధి తలుపుకి గడియ పెట్టి వచ్చాడు. కుర్చీ లాగి వాడి ముందు వేశాడు.

"కూర్చో" అన్నాడు. "మొదటి నుంచీ చెప్పు."